కరువు నేలకు చక్కెర చిక్కు

‘అది కూర్చుని తినేవాళ్ల జబ్బు... మనకెందుకొస్తుంది?’ షుగర్ గురించి పశ్చిమ ప్రకాశం పల్లెల ధీమా ఇది. ఆ ధీమాయే ఇప్పుడు అసలు ప్రమాదం. ఎందుకంటే ఆకలికీ షుగర్‌కీ దగ్గరి చుట్టరికం ఉందంటున్నారు శాస్త్రవేత్తలు. కరువు చూసిన నేలకు ఆ జబ్బు దూరమేం కాదు... ఒకింత దగ్గరే!

‘షుగరా? మాకా? మేమేమన్నా కూర్చుని తినేవాళ్లమా సారూ!’

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ ఊరి రచ్చబండ దగ్గర షుగర్ మాటెత్తినా ముందు వినిపించేది ఈ మాటే. అందులో అబద్ధమేం లేదు. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న ప్రాంతం ఇది. కంభం చెరువు కింద కాసిన్ని మాగాణి మళ్లు తప్ప మిగిలిందంతా మెట్టే. వాన పడితే కంది, పత్తి, మిరప. పడకపోతే గుంటూరు వైపు మిరపకోతలకో, హైదరాబాద్‌లో బేల్దారి పనికో మూటాముల్లె సర్దుకోవడమే. వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూపుల్లోనే ఒక తరం గడిచిపోయింది.

ఇలాంటి చోట ఒళ్లు వంచనిదే పూట గడవదు. కొవ్వు పట్టేంత తిండీ ఎప్పుడూ దొరకలేదు. మరి కార్లలో తిరిగే వాళ్ల జబ్బు, పొట్టలున్న వాళ్ల జబ్బు ఇక్కడికెలా వస్తుంది?

వస్తుంది. ఒకప్పటి ఆకలే దానికి దారి వేసి పెడుతుంది. ఆ తర్వాత మారిన కంచం, తగ్గిన నడక దాన్ని ఇంట్లోకి తెచ్చి కూర్చోబెడతాయి. ‘మాకు రాదు’ అన్న నమ్మకం దాన్ని ఏళ్ల తరబడి దాచిపెడుతుంది. ఈ మూడూ కలిసిన చోట షుగర్ చేసే నష్టం పట్నంలో కంటే ఎక్కువ.

ప్రతి పదిమందిలో ఒకరు

ముందు లెక్కలు చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా తిరిగి చేసిన ‘ఇండియాబ్’ సర్వే పూర్తి ఫలితాలు 2023లో వచ్చాయి. లక్షా 13 వేల మందిని పరీక్షించిన సర్వే అది. పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్ ఉందని తేలింది. అంటే దేశం మొత్తమ్మీద పది కోట్ల మంది పైమాటే! మరో 15.3 శాతం మంది గడప దగ్గర నిలబడ్డారు. వాళ్లకు ఇంకా జబ్బు రాలేదు కానీ రక్తంలో చక్కెర ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉంది.

ఇక మన రాష్ట్రం. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్లు దాటిన వాళ్ల వేలి కొన నుంచి రక్తం తీసి చూశారు. చక్కెర 140 దాటినవాళ్లు, ఇప్పటికే మందులు వాడుతున్నవాళ్లు కలిపి దేశంలో మహిళలు 13.5 శాతం, మగవాళ్లు 15.6 శాతం. అదే ఆంధ్రప్రదేశ్‌లో... మహిళలు 19.5 శాతం, మగవాళ్లు 21.8 శాతం! ఆ ఒక్క పరీక్షతోనే వీళ్లందరికీ షుగర్ ఉందని చెప్పలేం. తిన్న కాసేపటికి చూస్తే కొందరిలో అంకె కాస్త పెరుగుతుంది. కానీ దేశం కంటే మనం ఎంత ముందున్నామో మాత్రం ఆ అంకెలు చెబుతున్నాయి. ముందుండాల్సిన పోటీ కాదిది!

‘అదంతా పట్నాల లెక్క’ అనుకుంటే పొరపాటే. 2005లో గోదావరి జిల్లాల్లోని 20 పల్లెల్లో నాలుగున్నర వేల మందిని పరీక్షించారు. అందరూ ముప్పై ఏళ్లు దాటినవాళ్లే. వందలో 13 మందికి షుగర్ ఉంది. ఆ పదమూడు మందిలో సగం మందికి పరీక్ష చేసేదాకా ఆ సంగతే తెలియదు. ఇది రెండు దశాబ్దాల కిందటి పల్లెటూళ్ల మాట.

సరే, గోదావరి జిల్లాలంటే కాలవ నీళ్లు, మూడు పూటలా వరన్నం. మెట్ట నేలకు ఆ లెక్క ఎందుకంటారా? ఇండియాబ్ 2017లో విడుదల చేసిన 15 రాష్ట్రాల ఫలితాల్లో దానికి జవాబుంది. కాస్త కలిగిన రాష్ట్రాల పట్టణాల్లో డబ్బున్న ఇళ్ల కన్నా పేద ఇళ్లలోనే షుగర్ ఎక్కువగా కనిపించింది. చదువుకున్నవాళ్లు, ఉన్నవాళ్లు మేల్కొని జాగ్రత్తపడుతున్నారు. జబ్బు మెల్లగా లేనివాళ్ల వైపు జరుగుతోంది. ఆ సర్వేలోనూ షుగర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి తమకు జబ్బుందని తెలియదు.

అమ్మ కడుపులోనే మొదలు

ఇక్కడే అసలు కథ ఉంది. అది తెలియాలంటే ఒకసారి హాలండ్ వెళ్లి రావాలి. 1944-45 చలికాలంలో, రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో జర్మన్ సైన్యం అక్కడి పట్టణాలకు తిండి రాకుండా అడ్డుకుంది. జనం గడ్డిదుంపలు తిని బతికారు. ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్న పిల్లలు పుట్టారు, పెరిగారు, మిగతావాళ్లలాగే బతికారు. యాభై ఏళ్ల తర్వాత పరీక్షిస్తే... వాళ్ల ఒంటికి చక్కెరను అదుపు చేసుకునే శక్తి మిగతావాళ్ల కంటే తక్కువగా ఉంది.

ఎందుకిలా? తల్లికి తిండి లేకపోతే బిడ్డ ఒళ్లు పొదుపు నేర్చుకుంటుంది. ఉన్న కాస్త బలాన్నీ మెదడుకు పంపి కండను, ఇన్సులిన్ తయారుచేసే క్లోమగ్రంథిని చిన్నబుచ్చుతుంది. ‘బయట కరువుంది, దొరికిన ప్రతి మెతుకూ దాచుకోవాలి’ అని అలవాటుపడుతుంది. తీరా బయటికొచ్చాక కరువు తీరి కంచం నిండితే, ఆ ఒళ్లు తట్టుకోలేదు. గుడిసెకు వేసిన పునాది మీద మేడ కట్టినట్టే!

మన దేశంలోనూ దీనికి సాక్ష్యం ఉంది. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చి చూశారు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం. అక్కడి బిడ్డ బరువు సగటున మూడున్నర కిలోలు. మన బిడ్డ 2.7 కిలోలే. కండ తక్కువ, పొట్ట చిన్నది, కాలేయం చిన్నది. కానీ చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. చూడ్డానికి బక్కపలచన... లోపల కొవ్వు. ‘సన్నగా ఉన్నాను, నాకేం కాదు’ అనుకోవడానికి వీల్లేదన్నమాట.

ఇప్పుడు మన ఇళ్లకొద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడపిల్లల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిపోయింది. ఇవీ ఆ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలే. తాను ఎదగాల్సిన వయసులో కడుపులో బిడ్డను మోసే తల్లి, ఆ బిడ్డకు ఏం పెట్టగలదు? వరస కరువులు చూసిన మెట్ట పల్లెల్లో ఇప్పుడు నలభై, యాభై ఏళ్ల వయసున్న వాళ్లలో ఎంతమంది ఇలాంటి కడుపుల్లోంచి వచ్చారో ఎవరికి వారు ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే తెలుస్తుంది.

అసలు పోషకాహార లోపంతోనే వచ్చే షుగర్ కూడా ఒకటుంది. చిన్న వయసులో, ఎముకల గూడులాంటి ఒంటికి వస్తుందది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో దాన్ని ఒక రకంగా గుర్తించి, 1999లో జాబితాలోంచి తీసేసింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, అమెరికాలోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాల పరిశోధకులు కలిసి అది వేరే జబ్బేనని నిరూపించారు. 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దానికి ‘టైప్ 5’ అని పేరు పెట్టింది. షుగర్ అంటే తిండి ఎక్కువైన వాళ్ల జబ్బే అన్న పాత మాటకు ఇంతకంటే జవాబేం కావాలి?

అంగన్‌వాడీ ఇచ్చే టీకా

భయపెట్టే ఈ కథలో ఒక మంచి మలుపూ ఉంది. అది మన తెలుగు పల్లెల్లోదే.

1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక ప్రయత్నం జరిగింది. వాటిలో సగం ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద అదనంగా ఆహారం పెట్టారు. మిగతా ఊళ్లకు అప్పటికి ఆ పథకం రాలేదు. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, ఇంగ్లండ్ పరిశోధకులు ఆ పిల్లలను పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో మళ్లీ వెతికి పట్టుకుని పరీక్షించారు. అదనపు తిండి అందిన ఊళ్ల పిల్లలు కాస్త పొడుగ్గా ఉన్నారు. ఇన్సులిన్‌ను ఒళ్లు లెక్కచేయకపోవడం అనే గుణం... షుగర్‌కి తొలిమెట్టు అదే... వాళ్లలో 20 శాతం తక్కువగా ఉంది. రక్తనాళాల బిరుసుతనమూ తక్కువే. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

కడుపుతో ఉన్న కోడలికి ఇచ్చిన గుడ్డును ఇంటిల్లిపాదీ పంచుకుంటే ఏం పోతుందో ఇప్పుడు అర్థమైందిగా! ఆ గుడ్డు ఆమెది మాత్రమే కాదు, కడుపులో బిడ్డది. ఆ బిడ్డ నలభయ్యో ఏట షుగర్ బారిన పడకుండా వేసే టీకా అది.

అలాగని పుట్టాక పసివాళ్లకు తీపి అలవాటు చేయడం కాదు. బ్రిటన్‌లో యుద్ధకాలంలో పెట్టిన చక్కెర రేషన్ 1953లో ఎత్తేశారు. రేషన్ ఉన్న రోజుల్లో కడుపులో పడి, తొలి రెండేళ్లూ తీపి తక్కువగా తిన్న పిల్లలకు పెద్దయ్యాక షుగర్ ముప్పు దాదాపు 35 శాతం తగ్గిందని 2024లో ఒక అధ్యయనం తేల్చింది. పసివాడి చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టే ముందు ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలు.

సంగటి పోయి అన్నం వచ్చె

రెండో మెట్టు కంచం. మెట్ట ఇళ్లలో ఒకప్పుడు జొన్న సంగటి, సజ్జ రొట్టె, కొర్రన్నం... వరన్నం పండక్కో చుట్టాలొస్తేనో. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడంతో పేదింట రోజూ అన్నం ఉడికింది. ఆకలి తీర్చిన పథకమది. దాన్ని తప్పుపట్టలేం. కానీ కాలవ నీళ్లతో డెల్టా కంచాల్లో ఎప్పుడో వచ్చిన మార్పు మెట్టకు రేషన్ బియ్యంతో వచ్చింది. అన్నం పెరిగినంతగా పప్పు, కూర, గుడ్డు, పాలు పెరగలేదు. గుట్టంత అన్నం, దాని మీద గరిటెడు చారు, నంజుకోడానికి పచ్చడి... ఇదీ ఇప్పటి కంచం.

21 దేశాల్లో లక్ష మందికి పైగా జనం తిండిని ఏళ్లపాటు గమనించిన అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. రోజుకు 450 గ్రాములు, అంతకు మించి తెల్లన్నం తినేవాళ్లకూ, 150 గ్రాముల లోపు తినేవాళ్లకూ పోలిక చూస్తే, మన దక్షిణాసియాలో షుగర్ ముప్పు 61 శాతం ఎక్కువ! రెండు పూటలా కంచం నిండా పెట్టుకుంటే ఆ 450 గ్రాములు దాటడం ఎంతసేపు?

‘అయితే ఈరోజు నుంచే రాగి సంగటి’ అంటారా? ఆగండి. చిరుధాన్యాలు మంచివే. కానీ మందు కాదు. ఇండియాబ్ బృందమే 2025లో ప్రకటించిన మరో పరిశోధన ప్రకారం మనవాళ్ల తిండిలో 62 శాతం శక్తి పిండి పదార్థాల నుంచే వస్తోంది. బియ్యం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో అంతే మోతాదులో తిన్నంత మాత్రాన ముప్పు తగ్గలేదు. మొత్తం పిండి పదార్థంలో కొంత తగ్గించి, ఆ చోటును పప్పులు, పాల పదార్థాలతో నింపితే తగ్గింది. రాగి ముద్దలు మూడు లాగించి ‘షుగర్ తిండే తిన్నా’ అనుకుంటే లాభం లేదన్నమాట.

చిత్రమేమిటంటే, ఆ పప్పు మన చేలోనే ఉంది! కందికి పేరున్న నేల ఇది. పండిన కంది మార్కెట్ యార్డుకు పోతుంది. ఇంట్లో మాత్రం నీళ్ల చారు. ఏడాదికి సరిపడా కంది ఇంటికి ఉంచుకుని మిగిలింది అమ్ముకోవడమే ఈ ప్రాంతానికి సరిపోయే డైటింగ్.

ఇక టీ సంగతి. రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల పంచదార. చెంచా నాలుగు గ్రాములనుకున్నా 32 గ్రాములు! రోజుకు పాతిక గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నం ముట్టకముందే కోటా దాటిపోయింది.

పని సగం ఏడాదే!

‘తింటే తిన్నాం, పొలంలో కరిగిపోతుందిగా’ అనేది ఇంకో ధీమా. నిజమే, పనుంటే కరుగుతుంది. కానీ మెట్టలో పని ఏడాది పొడవునా ఉంటుందా? కంది కోతయ్యాక మళ్లీ వాన పడేదాకా అరుగు మీద కబుర్లే. దుక్కి ట్రాక్టర్‌ది, కలుపు మందుది, ఊరి నుంచి పొలానికి ప్రయాణం బండి మీద. ఆడవాళ్లకు రోలు, తిరగలి పోయి మిక్సీ వచ్చింది. కష్టం తగ్గడం మంచిదే. దాంతోపాటు అన్నం మోతాదు తగ్గకపోవడమే చిక్కు.

వలసపోయిన వాళ్ల సంగతి మరీ ముఖ్యం. పల్లెల నుంచి హైదరాబాద్, బెంగళూరు, నాగ్‌పుర్, లఖ్‌నవూ ఫ్యాక్టరీలకు వెళ్లిన వాళ్లను, ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులను పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనం 2010లో వచ్చింది. ఊళ్లో ఉన్న మగవాళ్లలో షుగర్ 6.2 శాతం. వలస వెళ్లిన వాళ్లలో 14.3 శాతం! పట్నంలోనే పుట్టి పెరిగిన వాళ్లలో 13.5 శాతం. అంటే ఒకే తల్లి బిడ్డలైనా పట్నం వెళ్లిన వాడికి ముప్పు రెట్టింపు. సంక్రాంతికి ఊరొచ్చిన కొడుకుని ‘బాగా ఒళ్లు చేశావురా’ అని మురిసిపోయే ముందు ఓసారి రక్తపరీక్ష చేయించమనండి.

నిప్పుకు తోడు గాలి

షుగర్ ఒక్కటే వస్తే ఒక తీరు. ఈ ప్రాంతంలో దానికి తోడు దొంగలు చాలామందే ఉన్నారు.

మొదటిది పొగాకు. పొదిలి, కనిగిరి వైపు పండించే పంటే అది. చుట్ట, బీడీ, సిగరెట్... ఏది తాగినా షుగర్ వచ్చే అవకాశం తాగని వాళ్ల కన్నా 30 నుంచి 40 శాతం ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లు తాగితే కాళ్లకు రక్తం నడవడం మరింత తగ్గుతుంది.

రెండోది రాతి దుమ్ము. మార్కాపురం పలక మీద దిద్దని తెలుగు బిడ్డ ఒకప్పుడు అరుదు. ఆ పలకల కోసం రాయి తవ్వి, కోసే చోట లేచే దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. క్షయకు తలుపు తీస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు క్షయ వచ్చే అవకాశం అసలే మూడు రెట్లు ఎక్కువ. రెండూ కలిస్తే? అందుకే రెండు వారాలకు మించి దగ్గుంటే కళ్లె పరీక్షతో పాటు షుగర్ పరీక్షా చేయించాలి. షుగర్ ఉన్నవాళ్లకు దగ్గు తగ్గకపోతే క్షయ పరీక్ష చేయించాలి.

మూడోది కిడ్నీ. కనిగిరి పేరు చెప్పగానే ఫ్లోరైడ్ నీళ్లు గుర్తొస్తాయి. కాళ్లు వంకరపోయిన, నడుం వంగిపోయిన మనుషులు గుర్తొస్తారు. అందుకే ఎవరి కిడ్నీ పాడైనా ‘అంతా నీళ్ల మహిమే’ అనేస్తారు. నీళ్ల సంగతి పట్టించుకోవాల్సిందే. కానీ దేశంలో దీర్ఘకాల కిడ్నీ రోగుల వివరాలు నమోదు చేసిన రిజిస్ట్రీ ప్రకారం 31 శాతం మందిలో కిడ్నీ దెబ్బతినడానికి కారణం షుగర్. దానికి తోడు ఒళ్లునొప్పులని ఎవరినీ అడక్కుండా మింగే నొప్పిమాత్రలు! నీళ్లను మాత్రమే అనుమానిస్తూ కూర్చుంటే ఇంట్లో దొంగ తప్పించుకుంటాడు.

నాలుగోది పాదం. షుగర్ ముదిరితే అరికాళ్లలో స్పర్శ పోతుంది. తుమ్మముల్లు దిగినా తెలియదు, మధ్యాహ్నపు నేల కాల్చినా తెలియదు. చెప్పుల్లేకుండా చేలోకి దిగే మనిషికి చిన్న పుండు చీము పట్టి వేలు తీసేసే దాకా వస్తుంది. రోజూ పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవడం, కనపడకపోతే మనవడితో చూపించుకోవడం... దీనికి పైసా ఖర్చు లేదు.

మీ మార్కులెంత?

చెన్నైకి చెందిన డాక్టర్ మోహన్ బృందం 2005లో మనవాళ్ల కోసమే ఒక తేలిక లెక్క తయారుచేసింది. రక్తం తీయక్కర్లేదు. ఒక టేపు చాలు. ఇంటిల్లిపాదీ కూర్చుని వేసుకోండి.

వయసు: 35 లోపు అయితే 0. 35 నుంచి 49 అయితే 20. 50, ఆపైన 30.

నడుం చుట్టుకొలత: ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు, మగవాళ్లకు 90 లోపు ఉంటే 0. ఆడవాళ్లకు 80-89, మగవాళ్లకు 90-99 ఉంటే 10. అంతకు మించితే 20.

శ్రమ: కష్టమైన పనీ, విడిగా వ్యాయామమూ రెండూ ఉంటే 0. రెండింటిలో ఒకటే ఉంటే 20. రెండూ లేకపోతే 30.

వారసత్వం: అమ్మానాన్నల్లో ఎవరికీ షుగర్ లేకపోతే 0. ఒకరికుంటే 10. ఇద్దరికీ ఉంటే 20.

మొత్తం 60, అంతకు మించితే ముప్పు ఎక్కువ, వెంటనే పరీక్ష చేయించుకోవాలి. 30 నుంచి 50 మధ్యయితే ఓ మోస్తరు. 30 లోపయితే తక్కువ.

ఉదాహరణకు కూలికి వెళ్లే 42 ఏళ్ల మహిళను తీసుకోండి. నడుం 82 సెంటీమీటర్లు. తల్లికి షుగర్. వయసుకు 20, నడుముకు 10, పని ఉంది కానీ వ్యాయామం లేదు కాబట్టి 20, తల్లి వల్ల 10. మొత్తం 60! ‘కష్టజీవిని, నాకేంటి’ అనుకునే మనిషి నేరుగా ముప్పు ఎక్కువున్న జాబితాలోకి వచ్చేసింది చూశారా!

ఒక్క పరీక్ష... రెండు అంకెలు

దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం, మానని పుండ్లు... ఇవి కనిపించేసరికి జబ్బు వచ్చి చాలాకాలమై ఉంటుంది. చాలామందిలో అసలు ఏ గుర్తూ ఉండదు. అందుకే గుర్తుల కోసం ఎదురుచూడకుండా ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవడం మేలు.

పరగడుపున 126, గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకు 200... ఈ రెండు అంకెలు గుర్తుంచుకోండి. ఏది చేరినా షుగర్ ఉన్నట్టే లెక్క. గుర్తులేమీ లేనివాళ్లకు మరోసారి పరీక్షించి ఖాయం చేస్తారు. పరగడుపున 100-125 మధ్య, రెండు గంటలకు 140-199 మధ్య ఉంటే గడప దగ్గర ఉన్నట్టు. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 6.5, అంతకు మించి ఉంటే షుగర్.

గర్భిణుల సంగతి వేరు. వాళ్లకు తిన్నారా లేదా అన్నదానితో పని లేకుండా 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు. 140, అంతకు మించి ఉంటే జాగ్రత్తపడాలి. కాన్పు తర్వాత అది తగ్గిపోయినా అక్కడితో అయిపోలేదు. అలాంటి తల్లులకు తర్వాత షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా దాదాపు పది రెట్లు. ‘కాన్పుతో పోయిందిలే’ అని కాగితాలు అటక మీద పడేయకూడదు.

పరీక్షకు ఎక్కడికో పోనక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్షా ఉచితమే, మాత్రలూ ఉచితమే. 2008లో మొదలైన 104 వాహనాలు ఊళ్లకు షుగర్, బీపీ మాత్రలను తెచ్చిపెట్టాయి. కానీ వలసకు వెళ్లే ఇళ్లలో ఒక చిక్కుంది. బండి ఊరికొచ్చే రోజుకి మనిషి ఊళ్లో ఉండడు. మూడు నెలలు పనికి పోతే మూడు నెలలూ మాత్ర బందు! మూట సర్దుకునేటప్పుడు బియ్యంతో పాటు మాత్రలు కూడా సర్దుకోవాలి. చీటీ జేబులో ఉండాలి. వెళ్లిన ఊళ్లోనూ ప్రభుత్వ ఆసుపత్రి ఉంటుంది, అడిగితే ఇస్తారు.

విన్నవి... ఉన్నవి

‘పంచదార మానేసి బెల్లం వేసుకుంటున్నా.’ బెల్లమైనా తేనైనా రక్తంలోకి చేరేది చక్కెరే.

‘మాత్ర మొదలుపెడితే జీవితాంతం వదలదు.’ వదలనిది మాత్ర కాదు, జబ్బు. మాత్ర మానేస్తే జబ్బు మానదు, కళ్లూ కిడ్నీలూ మానేస్తాయి.

‘ఇన్సులిన్ ఇచ్చారంటే ఇక ఆఖరు.’ కాదు. 1922లో తొలిసారి మనిషికి ఇచ్చినప్పటి నుంచీ అది ప్రాణాలు నిలబెడుతున్న మందు. అవసరమైనప్పుడు ఆలస్యం చేయడమే ప్రమాదం.

‘పొడపత్రి, కాకర రసం తాగుతున్నా, మాత్రలెందుకు?’ కాకరకాయ కూర తినండి, మంచిదే. దాన్ని నమ్ముకుని డాక్టర్ రాసిన మాత్ర ఆపేయకండి.

గడప దగ్గరే ఆపొచ్చు

షుగర్ వచ్చాక అదుపులో పెట్టుకోవడం ఒక ఎత్తు. రాకముందే ఆపడం ఇంకో ఎత్తు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం గడప దగ్గరున్న 531 మందిని మూడేళ్లు గమనించింది. తిండి సరిచేసుకుని రోజూ నడిచిన వాళ్లలో షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్న వాళ్లలో 26.4 శాతం. 2006లో వచ్చిన ఫలితమిది. మాత్ర చేసే పనిని నడక కూడా చేసింది!

దీనికి జిమ్ అక్కర్లేదు. పనుల్లేని నెలల్లో పొద్దున్నే అరగంట చెరువు కట్ట దాకా గబగబా నడక. కంచంలో అన్నం పావు వంతు తగ్గించి ఆ చోట పప్పు, ఆకుకూర. టీలో ఒక చెంచా. బీడీకి సెలవు. కడుపుతో ఉన్న ఆడపిల్లకు గుడ్డు, పాలు ముందు, మిగతావాళ్లకు తర్వాత. ఆడపిల్లకు పద్దెనిమిది నిండాకే పెళ్లి, ఒళ్లు ఎదిగాకే కాన్పు... షుగర్‌ని ఆపే పనుల్లో ఇదీ ఒకటి.

వాన ఎప్పుడు పడుతుందో ఈ నేల మీద ఎవరూ చెప్పలేరు. షుగర్ వచ్చిందో లేదో మాత్రం ఒక్క రక్తపు చుక్క చెప్పేస్తుంది. ఆ చుక్క ఇవ్వడానికి ఎదురుచూపులెందుకు?